ముక్కు దూరింది, వీపు తట్టుకుంది: నేలబారు కారు కోసం మూడు జాక్‌లతో నా తిప్పలు

జాక్ కొనేటప్పుడు ఎవరైనా అడిగే మొదటి మాట "ఎన్ని టన్నులది?" అనే. నేనూ అదే అడిగాను. రెండు టన్నులు అన్నారు. నేలకి బాగా దగ్గరగా ఉండే నా కారు మొత్తం బరువు 1,250 కిలోలు, ఇంక ఆలోచించేదేముంది అనుకుని ప్లాస్టిక్ పెట్టెలో ముద్దుగా ఉన్న ఎర్ర ట్రాలీ జాక్, అంటే చిన్న చక్రాల మీద దొర్లేది, ఒకటి తెచ్చేసుకున్నాను. ఆదివారం పొద్దున్నే కారు పక్కన చతికిలబడి, తలుపుల కింద ఉండే సిల్ కిందికి దాన్ని తోస్తే టక్‌మని ఆగిపోయింది. ఇంకాస్త గట్టిగా తోశాను. జాక్ తల మీది ఇనప గిన్నె సిల్ పెయింట్‌ని గీకింది తప్ప లోపలికి పోలేదు. టేపు తెచ్చి కొలిస్తే సిల్ కింద ఖాళీ 128 మిల్లీమీటర్లు, జాక్‌ని పూర్తిగా దించినా దాని ఎత్తు 135. ఏడు మిల్లీమీటర్ల దగ్గర రెండు టన్నుల బలం బయటే కూర్చుంది.

అప్పటి నుంచి ఈ రెండేళ్లలో మూడు జాక్‌లు నా చేతిలో నలిగాయి. ఒకటి ఈ ఎర్రది. రెండోది మూడు టన్నుల పొడుగాటి స్టీల్ ట్రాలీ జాక్, లో ప్రొఫైల్ రకం, అంటే దించితే తల బాగా కిందికి దిగేది. మూడోది ఒకటిన్నర టన్నుల అల్యూమినియం జాక్, ఇది మా ఫ్రెండ్‌ది, రెండు నెలలు నా దగ్గరే ఉంచుకుని వాడాను (వాడు అడిగే దాకా ఇవ్వలేదనుకోండి). కంపెనీల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఒకే అచ్చులో పోసినట్టుండే జాక్ నాలుగైదు రంగుల్లో నాలుగైదు పేర్లతో దొరుకుతుంది, పేరు చూసి కొంటే మీకు తెలిసేదేమీ ఉండదు. చూడాల్సింది కొలతలు. అందులోనూ ఒక కొలత పెట్టె మీద అచ్చు వేయరు, దాని దగ్గరికి వస్తాను.

ముందు మీ కారు కొలుచుకోండి. బ్రోచర్‌లో రాసిన గ్రౌండ్ క్లియరెన్స్ ఇక్కడ పనికిరాదు, అది కారు కింద ఎక్కడో ఒకచోట కొలిచిన లెక్క. మీకు కావాల్సింది జాక్ పెట్టే పాయింట్ దగ్గర ఎంత ఖాళీ ఉందన్నది. సిల్ అంచున ముందు చక్రం వెనకాల, వెనక చక్రం ముందర చిన్న గంట్లో బాణం గుర్తులో ఉంటాయి, అవే జాకింగ్ పాయింట్లు, మాన్యువల్‌లో బొమ్మ కూడా ఉంటుంది. అక్కడ నేల నుంచి అంచు దాకా కొలవండి. కొలిచారా? ఇప్పుడు టైరు పంక్చర్ అయితే ఎంతుంటుందో ఆలోచించండి. నాకిది రెండో నెలలో తెలిసొచ్చింది. నా కారుకి 205/45 ఆర్17 టైర్లు, అంటే టైరు గోడ ఎత్తు 205లో 45 శాతం, 92 మిల్లీమీటర్లు. గాలి మొత్తం పోయి రిమ్ము రబ్బరు మీద కూర్చుంటే ఆ మూల నాలుగు సెంటీమీటర్ల పైనే కుంగింది. 128 కాస్తా 86 అయింది. జాక్ అవసరం నిజంగా పడేది ఆ పరిస్థితిలోనే కదా, గాలి నిండుగా ఉన్న కారు పక్కన షోకుగా కొలిచిన కొలత ఆ రోజు దేనికీ పనికిరాలేదు. అందుకే నా కారులాంటి వాటికి 100 మిల్లీమీటర్ల జాక్ అంటే నేను ఒప్పుకోను, 86 కన్నా తక్కువ ఉండాలి, 75 నుంచి 80 మధ్య ఉంటే నిశ్చింత.

టన్నుల సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఇంట్లో మనం కారు మొత్తాన్ని ఒకేసారి గాల్లోకి లేపం. ఒక మూలనో, ఒక పక్కనో, ముందు భాగాన్నో లేపుతాం. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజను, గేర్‌బాక్స్ అన్నీ ముందే ఉంటాయి కాబట్టి బరువులో దాదాపు 60 శాతం ముందు ఇరుసు మీద పడుతుంది, నా కారుకైతే 750 కిలోలు. ఒకటిన్నర టన్నుల జాక్‌కి అది సగం పని. మరి మూడు టన్నులది ఎందుకు అంటే బలం కోసం కాదు, పొడుగు కోసం. టన్నులు పెరిగే కొద్దీ మామూలుగా జాక్ ఒళ్ళు పొడుగవుతుంది, పునాది వెడల్పవుతుంది, తల పెద్దదవుతుంది. మీకు ఆ పొడుగు అవసరం లేకపోతే ఆ టన్నులూ అవసరం లేదు.

సరే, ఎర్ర జాక్. ఎనిమిదిన్నర కిలోలు, ఒంటిచేత్తో మోసుకుపోవచ్చు, నేలకి ఎత్తుగా ఉండే కార్లకి దాన్ని వంక పెట్టాల్సిన పని లేదు. నా కారుకే అది సరిపడలేదు. పట్టువదలకుండా ఒక చెక్క పలక మీదికి ముందు చక్రాన్ని ఎక్కించి, ఆ పైకి లేచిన సందులో జాక్ దూర్చి లేపాను. పని చేసింది. బ్రేక్ ప్యాడ్లు చూసుకున్నాను, చక్రం బిగించాను, కింద అడ్డంగా ఉందని చెక్క పలక తీసి పక్కన పారేసి, హ్యాండిల్ తిప్పి కారు దించేశాను. కారు దిగింది, దిగి జాక్ మీదే కూర్చుంది. జాక్ ఎత్తు 135, సిల్ ఎత్తు 128, మధ్యలో పలక లేదు. జాక్ ఇటు రాదు, అటు పోదు. హ్యాండిల్ పట్టుకుని లాగితే కారు మొత్తం ఊగుతోంది. పక్కింటాయన వచ్చి చూసి "ఏమండీ, ఎక్కించడానికా దించడానికా?" అన్నారు. చివరికి డిక్కీలో స్టెప్నీ కింద ఉండే సిజర్ జాక్, అదే మర తిప్పితే కత్తెరలా లేచేది, తీసి, అదే పక్కన వెనక పాయింట్ దగ్గర పెట్టి తిప్పితే సిల్ మొత్తం కాస్త లేచింది, అప్పుడు దీన్ని బయటికి లాగాను. లోపలికి దూరడం ఎంత ముఖ్యమో బయటికి రావడం అంతే ముఖ్యం అని ఏ పెట్టె మీదా రాయరు.

ఆ దెబ్బతో స్టీల్ లో ప్రొఫైల్ జాక్ కొన్నాను. పూర్తిగా దించితే 75 మిల్లీమీటర్లు, పూర్తిగా లేపితే 500. కొలతలు చూసి ఇంక నాకు అడ్డేముంది అనుకున్నాను. పక్క నుంచి సిల్ కింద పెట్టడానికి నిజంగానే అడ్డేమీ లేదు, పంక్చర్ అయిన రోజున కూడా 86 కింద 75 హాయిగా దూరింది. కానీ ఇలాంటి పొడుగు జాక్ కొనేది ముందు నుంచి దూర్చి, ఇంజను కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌ని పట్టి రెండు ముందు చక్రాలనీ ఒకేసారి లేపడానికి. నా కారులో ఆ క్రాస్‌మెంబర్ బంపర్ అంచు నుంచి 65 సెంటీమీటర్లు లోపలికి ఉంది. జాక్ తోశాను, ముక్కు చక్కగా వెళ్ళింది, సగం ఒళ్ళు వెళ్ళింది, తర్వాత బంపర్ కింది పెదవికి జాక్ వీపు తట్టుకుంది.

పెట్టె మీద లేని కొలత ఇదే. లో ప్రొఫైల్ అని రాసినప్పుడు వాళ్లు కొలిచేది తల దగ్గర మాత్రమే, దాని వెనక చట్రం మెల్లగా ఎత్తు పెరుగుతూ పోతుంది. నా జాక్‌లో తల నుంచి 65 సెంటీమీటర్ల దగ్గర చట్రం ఎత్తు 165 మిల్లీమీటర్లు, నా బంపర్ పెదవి ఎత్తు 125. కాబట్టి ముందు నుంచి లేపాలనుకునేవాళ్లు షాపులో జాక్‌ని నేల మీద పెట్టించి, తల మధ్య నుంచి మీ క్రాస్‌మెంబర్ ఎంత దూరంలో ఉందో అంత వెనక్కి టేపు పరిచి, అక్కడ జాక్ ఎత్తు చూడండి. అది మీ బంపర్ ఎత్తు కన్నా తక్కువ ఉంటేనే డబ్బులు తీయండి. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఆన్‌లైన్‌లో అయితే పక్క నుంచి తీసిన ఫొటో ఉన్నదే చూడండి, కొన్నింటికి ముక్కు నుంచి చాలా దూరం దాకా ఒళ్ళు పలచగా ఉంటుంది, కొన్నింటికి ముక్కు దాటగానే పొట్ట మొదలవుతుంది.

నా దగ్గరున్నదాన్ని మార్చలేను కాబట్టి మళ్ళీ చెక్క పలకలనే నమ్ముకున్నాను, ఈసారి తెలివిగా. 38 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు వెడల్పాటి పలకలు, అంచు ఏటవాలుగా కోయించి, రెండు ముందు చక్రాలనీ వాటి మీదికి ఎక్కిస్తాను. చక్రాలు 38 లేస్తే బంపర్ ఇంకా ముందుకు ఉంటుంది కనక అది 50 దాకా లేస్తుంది, 125 కాస్తా 175 అవుతుంది, 165 వీపు ఒక వేలు సందుతో దూరిపోతుంది. దించేటప్పుడు పలకలు మళ్ళీ చక్రాల కింద సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుంటాను, ఎందుకో పైన చదివారు.

ఇంకో చిక్కు హ్యాండిల్‌ది. జాక్ అంత లోపలికి వెళ్ళాక హ్యాండిల్ మొదలు కూడా బంపర్ దగ్గరికి వచ్చేస్తుంది, ఇంక దాన్ని పూర్తిగా పైకీ కిందికీ ఆడించలేం, బంపర్‌కి తగలకుండా చిన్న చిన్నగా కొట్టుకుంటూ పోవాలి. మొదటి ఇరవై ముప్పై పంపులు అలా చిన్నగానే ఉంటాయి, కారు లేచే కొద్దీ జాగా వస్తుంది. హ్యాండిల్ మధ్యలో నురగ రబ్బరు తొడుగు ఉంటే బంపర్‌కి గీత పడదు. నా జాక్‌కి వచ్చింది, మా ఫ్రెండ్ జాక్‌కి తొడుగు ఉన్నా పొట్టిది, పాత సైకిల్ ట్యూబు చుట్టాం.

లేపడంలో మాత్రం స్టీల్ జాక్‌కి వంక పెట్టలేను. ఇందులో రెండు పంపు పిస్టన్లు ఉంటాయి, బరువు పడే దాకా ఒకటి రెండు పంపులకే తల కారుకి తగిలేస్తుంది, బరువు పడ్డాక నెమ్మదిగా లేస్తుంది. దించడం ఇంకా బాగుంటుంది, హ్యాండిల్‌ని ఎడమ వైపు కొంచెం కొంచెంగా తిప్పితే అంగుళం అంగుళంగా దిగుతుంది. ఎర్రదానిలో అలా కాదు, పావు మలుపు దాకా కదలదు, ఆ పైన ఒక్కసారిగా దబ్బున దిగుతుంది, ప్రతిసారీ గుండె ఝల్లుమనేది. ఒకసారి స్టీల్ జాక్‌తో లేపి, పక్కనే స్టాండ్లు (లేపిన కారుని మోసి నిలిపే ఇనప కాళ్ళు) పెట్టి, వాటికి ఆనించకుండా పావుగంట వదిలేసి కొలిచాను, 2 మిల్లీమీటర్లు దిగింది. అది లోపం కాదు, హైడ్రాలిక్ జాక్ అంటే నూనె మీద నిలబెట్టిన బరువు, లోపలి సీళ్ళూ గుండ్ల వాల్వులూ ఎంత బాగున్నా కాస్తో కూస్తో జారుతుంది, ఏదో ఒకరోజు ఒక సీలు పూర్తిగా పోతుంది. దీని కింద మనిషి పడుకోకూడదని ఎందుకంటారో ఆ 2 మిల్లీమీటర్లు చూస్తే అర్థమవుతుంది.

ఇక దీనికున్న పెద్ద లోపం బరువు. 34 కిలోలు. దీన్ని మెట్లెక్కించి దాచుకోవాలన్నా, డిక్కీలో వేసుకుని వెళ్ళాలన్నా నడుము గుర్తు చేస్తుంది. ఇంటి దగ్గర పార్కింగ్ మూల గోడవారన నిలబెట్టుకునే జాగా ఉంటేనే కొనండి.

అల్యూమినియం జాక్ దగ్గరికి వస్తే, నిజం చెప్పాలంటే చక్రాలు మార్చుకోవడానికీ, బ్రేకులు చూసుకోవడానికీ అయితే నేను దీన్నే కొనుక్కునేవాణ్ణి. 15 కిలోల లోపే, 85 మిల్లీమీటర్లకి దిగుతుంది, 360 దాకా లేస్తుంది, సిల్ కింద పక్క నుంచి పెట్టడానికి ఏ తంటా లేదు. పొట్టిది కాబట్టి ముందు క్రాస్‌మెంబర్ దాకా అందదు, అందుతుందని ఆశ పెట్టుకోవద్దు. పంక్చర్ రోజు నా 86కి దీని 85 అంటే ఒక్క మిల్లీమీటరు తేడా, తల మీద రబ్బరు ప్యాడ్ వేస్తే అదీ పోయింది. అల్యూమినియం కదా వంగిపోతుందేమో అని భయపడే వాళ్లున్నారు. సరిగ్గా చేసినది, రాసిన బరువు లోపల వాడితే వంగదు, దాని బాధంతా దెబ్బలతోనే, కింద పడేస్తే, ఈడ్చుకెళ్తే స్టీల్ సొట్టపడే చోట ఇది చిట్లే అవకాశం ఉంటుంది. అప్పుడప్పుడూ జాక్ తలని లేపే చేతుల దగ్గరా, దాని ఇరుసుల దగ్గరా పగుళ్ళున్నాయేమో లైటు వేసి చూసుకోవాలి.

రబ్బరు ప్యాడ్ అన్నాను కదా, దాని గురించి కాస్త. జాక్‌తో వచ్చే ఇనప గిన్నెని తిన్నగా సిల్ అంచుకి పెడితే ఆ పలచటి రేకు అంచు, రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన కుట్టులాంటిది, పక్కకి మడత పడిపోతుంది. నా కారు ముందు ఎడమ పాయింట్ అలా మడత పడే ఉంది, అది నా పని కాదు, టైర్లు మార్చిన షెడ్డు వాళ్ళది, ఎవరని పేరు పెట్టి ఏం లాభం. మధ్యలో గాడి ఉన్న గుండ్రటి రబ్బరు ప్యాడ్ గిన్నెలో పెడితే ఆ గాడిలోకి రేకు అంచు దిగుతుంది, బరువు దాని రెండు పక్కలా ఉన్న గట్టి భాగం మీద పడుతుంది. కానీ ప్యాడ్ మందం జాక్ ఎత్తుకి కలుస్తుంది! చాలామంది మర్చిపోయేది ఇదే. 75 జాక్‌కి 25 ప్యాడ్ పెడితే మీ జాక్ 100 జాక్. నేను మామూలు రోజుల్లో మందపాటిదీ, పంక్చర్ రోజుకి గాడి కోసిన పలచటి రబ్బరు ముక్కా వాడతాను. ఇక ప్లాస్టిక్ స్కర్టులున్న కార్లలో అంచు కన్నా స్కర్టు కిందికి ఉంటే గిన్నె దానికి తగలకుండా ఉండేంత ఎత్తు ప్యాడే కావాలి, అప్పుడు ఇంకా పలచటి జాక్ వెతుక్కోవాలి.

నేల సంగతి మర్చిపోవద్దు. ట్రాలీ జాక్‌కి చక్రాలు లాక్కెళ్ళడానికి మాత్రమే ఇచ్చారనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను. జాక్ చెయ్యి లేచేటప్పుడు తల నిలువుగా పైకి పోదు, గుండ్రంగా వంపు తిరుగుతూ హ్యాండిల్ వైపుకి జరుగుతుంది. ఆ జరిగినంత మేర జాక్ కారు కిందికి దొర్లాలి. దొర్లితే అంతా బాగుంటుంది. గరుకు నేల మీద, మట్టి మీద, ఎండకి మెత్తబడ్డ తారు మీద ఆ చిన్న ఇనప చక్రాలు దిగబడిపోతే జాక్ దొర్లదు, అప్పుడు గిన్నె పాయింట్ మీంచి జారడమో, కారే జాక్ వైపు లాగబడడమో జరుగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు కింద వేసుకోండి, కానీ ఆ 18 కూడా లెక్కలో కలపండి, చక్రాలు నేల మీదా జాక్ ప్లైవుడ్ మీదా ఉంటాయి కదా. ఏటవాలు మీద అసలు వద్దు. లేపే ముందు, నేల మీదే ఉండే చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టండి, రాళ్ళు కాదు, సరైన కోణం ఉన్న రబ్బరు దిమ్మలో చెక్క దిమ్మలో. హ్యాండ్‌బ్రేక్ చాలా కార్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది, వెనక భాగం లేపితే అది పట్టుకున్నది గాల్లో ఉంటుంది. దాని మీద భరోసా పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇప్పుడు స్టాండ్లు. జాక్ గురించి ఇంత రాసిందంతా ఒకెత్తు, ఇదొకెత్తు. జాక్ లేపడానికి, స్టాండ్ నిలపడానికి. జాక్‌కి పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా మంచి స్టాండ్లు ఒక జత కొనండి అని నేను ఎవరికైనా చెప్తాను. నేలబారు కారుకి ఇక్కడా ఒక తిరకాసు ఉంది: ఒక్కో మూలకి జాకింగ్ పాయింట్ ఒక్కటే, అక్కడ జాక్ ఉంది, మరి స్టాండ్ ఎక్కడ పెట్టాలి? క్రాస్‌మెంబర్ పట్టి లేపే పొడుగు జాక్‌కి ఇంత చాకిరీ చేస్తున్నది అందుకే, మధ్యలో జాక్ లేపితే రెండు పక్కలా సిల్ పాయింట్లు ఖాళీగా ఉంటాయి, రెండు స్టాండ్లూ తిన్నగా అక్కడ కూర్చుంటాయి. పక్క నుంచి లేపే వాళ్లు సబ్‌ఫ్రేమ్ మీద, అంటే ఇంజనునీ సస్పెన్షన్‌నీ మోసే కింది చట్రం మీద, గట్టి చోటు ఎక్కడుందో మాన్యువల్‌లో చూసుకుని ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ పెట్టాలి. ఆయిల్ పాన్ కింద, గేర్‌బాక్స్ కింద, పలచటి ఫ్లోర్ రేకు కింద జాకూ పెట్టకూడదు, స్టాండూ పెట్టకూడదు.

స్టాండ్ ఎత్తు కూడా చూసుకోవాలి. మూడు టన్నుల స్టాండ్లు చాలావరకు అన్నిటికన్నా కిందున్న మెట్టులోనే 280, 290 మిల్లీమీటర్లు ఉంటాయి. అంటే 128లో ఉన్న సిల్‌ని 290 దాటి లేపితే గానీ స్టాండ్ కిందికి దూరదు. జాక్ గరిష్ఠ ఎత్తు 330 ఉన్నదైతే మిగిలేది నాలుగు వేళ్ళ సందు కూడా కాదు. కొందరు స్టాండ్ అందడం లేదని సిమెంట్ ఇటుకలు పేరుస్తారు. దయచేసి వద్దు. బోలు ఇటుక నిలువు బరువుని మోస్తున్నట్టే కనిపిస్తుంది, చిన్న చోట బరువు గుచ్చుకుంటే చెప్పాపెట్టకుండా పొడి అయిపోతుంది, స్టీల్ అయితే కనీసం వంగుతూ హెచ్చరిస్తుంది.

స్టాండ్లలో పళ్ళచట్రం రకం, అంటే మీట తిప్పితే పన్ను జారి మెట్టు మారేది, త్వరగా పని అవుతుంది. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాల గొలుసు మూడు టన్నులవీ ఆరు టన్నులవీ కలిపి 17 లక్షలకు పైగా ఇలాంటి స్టాండ్లని వెనక్కి పిలిపించింది, బరువు కాస్త కదిలితే పన్నుకీ పళ్ళకీ పట్టు తప్పి ఒక్కసారిగా కిందికి పడిపోయే ప్రమాదం ఉందని. అందుకే నేను అడ్డంగా పిన్ను దూర్చే రకం తీసుకున్నాను. మెట్ల మధ్య దూరం ఎక్కువ, అది ఒప్పుకోవాల్సిందే, కానీ పిన్ను పూర్తిగా అవతలికి వచ్చిందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. పళ్ళ రకమే కావాలంటే మీట జారకుండా అదనంగా ఒక పిన్ను ఉన్నది చూడండి. యూరప్ జాక్‌లకి ఈఎన్ 1494, ఆస్ట్రేలియా ట్రాలీ జాక్‌లకి ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 2615, స్టాండ్లకి 2538 అని ప్రమాణాలున్నాయి, అమెరికా వస్తువు మీద ఏఎస్ఎంఈ పేస్ అని ఉంటుంది. అలాంటి గుర్తు, రాసిన బరువు, తయారీదారు పేరు మూడూ లేనిదాన్ని నేను ముట్టుకోను.

స్టాండ్ల మీదికి కారు దించాక, జాక్‌ని తీసేయకుండా తల కారుకి కాస్త తగిలేలా వదిలేసి, బంపర్ పక్కన నిలబడి కారుని రెండు చేతులతో గట్టిగా ఊపుతాను. పడేదైతే నేను బయట ఉన్నప్పుడే పడనివ్వాలని. తీసిన చక్రాన్ని సిల్ కిందికి అడ్డంగా తోసి ఉంచుతాను. మా ఆవిడకి ఇదంతా పూజా విధానంలా కనిపిస్తుంది, "అయ్యిందా మీ ప్రదక్షిణ?" అంటుంది, కానీ నేను కింద ఉన్నంతసేపూ కిటికీ దగ్గరి నుంచి కదలదు.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. బాటిల్ జాక్ బలమైనదే, కానీ నిలువుగా ఉంటుంది, చాలావాటి కనీస ఎత్తే 180 పైన, నేలబారు కారుకి దాని పేరెత్తొద్దు. డిక్కీలో వచ్చే సిజర్ జాక్ ఎత్తు తక్కువే, స్టెప్నీ మార్చడానికి అదే చాలు, దాని ఇరుకు పునాది మీద ఇంకే పనీ పెట్టుకోవద్దు. ర్యాంపులు ఆయిల్ మార్చుకోవడానికి హాయి, స్టాండ్ల గొడవే ఉండదు, కాకపోతే మామూలు ర్యాంపు వాలుకి మన బంపర్ ముందే గుద్దుకుంటుంది, పొడుగాటి చిన్న వాలువి కావాలి, పైగా చక్రం తీసే పనికి అవి పనికిరావు.

జాక్‌ని చూసుకోవడం పెద్ద పనేం కాదు. వాడనప్పుడు పూర్తిగా దించి పెట్టండి, నూనె తోస్తే బయటికి వచ్చే మెరిసే రామ్ రాడ్డు లోపలికి పోయి తుప్పు పట్టదు. పంపు చేస్తుంటే మెత్తగా, స్పాంజిలా అనిపిస్తే లోపల గాలి చేరినట్టు, దించే వాల్వు తెరిచి, బరువు లేకుండా పది పదిహేనుసార్లు హ్యాండిల్ ఆడించి, వాల్వు మూసి మళ్ళీ చూడండి. నూనె తగ్గితే జాక్ ఆయిల్ అని అడిగి పోయండి, ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోయకండి, దానికి ఈ సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. ఎర్ర జాక్‌కి మొదటి నెలలోనే ఆ పని చేయబోయి ఆఖరి నిమిషంలో ఆగాను, డబ్బా మూత కూడా తీసేశాను.

ఎవరికి ఏది అంటే, పక్క నుంచి లేపి చక్రాలు, బ్రేకులు వరకే చూసుకునేవాళ్లకి పలచటి అల్యూమినియం, వీలైతే 80 లోపలికి దిగేది. ఆయిల్ దగ్గర్నుంచి సస్పెన్షన్ దాకా ఇంట్లోనే చేసుకునే పిచ్చి ఉంటే పొడుగు స్టీల్, వీపు కొలిచి మరీ. ఎర్రదాన్ని మా తమ్ముడికి ఇచ్చేశాను, వాడి కారుకి కింద పిల్లి నిలబడి నడవచ్చు, వాడికి అది బంగారం. స్టీల్ జాక్ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. దాని వెనక చక్రాల్లో ఒకటి ఈ మధ్య దొర్లనని మొరాయిస్తోంది, ఈ ఆదివారం గ్రీజు పెట్టి చూడాలి.